కలిపి చదివించడమా, విడిగానా? పల్నాడులో అసలు ప్రశ్న సీటుది

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చినప్పటి నుంచి జూన్‌లో మళ్లీ గంట మోగేదాకా పల్నాడు ఇళ్లలో ఒకటే ఆలోచన: పిల్లను ఎక్కడ చేర్చాలి? నరసరావుపేటలో ఆ ఆలోచన ఫీజు దగ్గర మొదలవుతుంది, మాచర్లలో హాస్టల్ దగ్గర, గురజాల చుట్టుపక్కల పల్లెల్లో బస్సు దగ్గర. ఎక్కడ మొదలైనా ఆరో తరగతికో ఎనిమిదో తరగతికో వచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో మాత్రం చివరికి ఒక్క చోటికే చేరుతుంది. మగపిల్లలతో కలిసి చదివే హైస్కూల్లో వేయాలా, బాలికల బడిలో సీటు వచ్చేదాకా చూడాలా?

ఇది సంస్కృతికి, కట్టుబాట్లకు సంబంధించిన చర్చలా కనిపిస్తుంది. మాట్లాడేవాళ్లూ అలాగే మాట్లాడతారు. జిల్లాలో ఉన్న బడులను, వాటిలోని సీట్లను, ఊరికీ బడికీ మధ్య ఉన్న దూరాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి వేరేగా ఉంది. తల్లిదండ్రులు భయపడుతున్నది కలిసి చదవడానికి కాదు, నమ్మకం లేని చోట కలిసి చదవడానికి. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఆ తేడానే.

ఏ బడిలో ఎవరికి చోటు

2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా నుంచి విడిపోయి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల రెవెన్యూ డివిజన్లు. ఇక్కడ పల్లెపిల్లకు మొదటి ఆసరా జిల్లా పరిషత్ హైస్కూలు. దానికి ప్రవేశ పరీక్ష లేదు, ఫీజు లేదు, వచ్చినవాళ్లను కాదనడమూ లేదు. దాదాపు అన్నీ కలిసి చదివే బడులే. మాచర్ల, వినుకొండ వంటి పట్టణాల్లో జడ్పీ బాలికోన్నత పాఠశాలలు విడిగా ఉన్నాయి కానీ, అవి పట్టణంలో ఇల్లున్నవాళ్లకు అందినట్టు ముప్పై కిలోమీటర్ల అవతల తండాలో ఉన్న పిల్లకు అందవు.

రెండోది కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం (కేజీబీవీ). కేంద్రం 2004లో ఈ పథకాన్ని తెచ్చింది. ఏ మండలాల్లో పెట్టాలో చెప్పడానికి 2001 జనాభా లెక్కలనుంచి రెండు కొలతలు తీసుకుంది. గ్రామీణ మహిళల అక్షరాస్యత జాతీయ సగటైన 46.13 శాతం కంటే తక్కువ ఉండాలి, మగవాళ్ల అక్షరాస్యతతో తేడా 21.59 శాతం కంటే ఎక్కువ ఉండాలి. వెనకబాటును ఆడపిల్ల చదువుతో కొలిచిన పథకమిది. ఇప్పుడు రాష్ట్రంలో 352 కేజీబీవీలున్నాయి. ఆరో తరగతిలో 40 సీట్లు. తల్లీతండ్రీ లేనివాళ్లకు, ఒక్కరే ఉన్నవాళ్లకు, బడి మానేసినవాళ్లకు, పేదింటి పిల్లలకు మొదటి చోటు.

మూడోది గురుకులం. తెలుగునాట గురుకుల విద్యకు 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో బీజం పడింది. మరుసటి ఏడాది మన పక్కనే తాడికొండలో బాలుర గురుకులం వచ్చింది. ఆ తర్వాత సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు వరసగా వచ్చాయి. ఇవి చాలావరకు అబ్బాయిలకు వేరు, అమ్మాయిలకు వేరు. సీటు పరీక్షలో మార్కును బట్టి, రిజర్వేషన్‌ను బట్టి.

నాలుగోది నవోదయ. 1986 జాతీయ విద్యావిధానం ఇచ్చిన బడి ఇది. పాత గుంటూరు జిల్లా నవోదయ చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. అంటే జిల్లాల విభజనలో అది పల్నాడు వాటాకే వచ్చింది. ఆరో తరగతిలో 80 సీట్లు, అందులో 75 శాతం పల్లెపిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. అక్కడ అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే తరగతి గదిలో చదువుతారు, ఒకే ప్రాంగణంలోని వేర్వేరు హాస్టళ్లలో ఉంటారు.

ఐదోది ఆదర్శ పాఠశాల. వెనకబడిన మండలాల్లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇంగ్లిషు మీడియంలో నడిచే ఈ మోడల్ స్కూళ్లు రాష్ట్రంలో 164. ఇవీ కలిసి చదివేవే. ఈ వరసలో కొత్తవి కేంద్రీయ విద్యాలయాలు. 2024 డిసెంబర్ 6న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు మంజూరు చేసిన ఎనిమిదింటిలో రెండు పల్నాడువే: మాచర్ల మండలం తాళ్లపల్లి, నరసరావుపేట డివిజన్‌లోని రొంపిచర్ల. అవీ కలిసి చదివే బడులే. అయితే అక్కడ మొదటి వరస కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలది. విద్యాహక్కు చట్టం కింద ఉన్న 25 శాతం సీట్లు పోను, రైతుకూ కూలీకీ వంతు తర్వాతెప్పుడో వస్తుంది.

ఇక ప్రైవేటు బడి. ఫీజు కట్టగలిగితే సీటు ఎప్పుడూ ఉంటుంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకివ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధనను మన రాష్ట్రం 2022-23 నుంచి అమల్లో పెట్టింది. ఆ సీటు ఒకటో తరగతిలో మొదలవుతుంది కాబట్టి ఈ ఏడు హైస్కూల్‌కు వచ్చిన పిల్లకు దానివల్ల ఒరిగేదేం లేదు.

ఈ జాబితాలో ఒక విచిత్రం దాగి ఉంది. ఊరి జడ్పీ హైస్కూల్లో మగపిల్లలున్నారని వెనకాడే ఇంట్లోనే నవోదయ పరీక్షకు పిల్లను రాత్రీపగలూ చదివిస్తారు. మోడల్ స్కూల్ దరఖాస్తు నింపేటప్పుడు అది కలిసి చదివే బడి అన్న సంగతి ఎవరికీ అడ్డు రాదు. నరసరావుపేటలో ప్రైవేటు బడికి బస్సెక్కే అమ్మాయి పక్క సీట్లో అబ్బాయి ఉంటాడని తెలిసే తండ్రి ఫీజు కడతాడు. సీటుకు విలువుంటే కలిసి చదవడం అభ్యంతరం కాదన్నమాట. బడి మీద నమ్మకం తగ్గిన చోటే మగపిల్లల మాట పైకి వస్తుంది.

వందేళ్లకు పైబడ్డ చర్చ

ఈ తర్జనభర్జన మనతో మొదలైంది కాదు. అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాల చేరాడు. మిషన్‌తో పాటే పల్నాడుకు కొత్త తరహా బడి కూడా వచ్చింది. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టినప్పుడు, ఆడపిల్లను అసలు బడికి పంపడమే పెద్ద వివాదం. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో శారదా నికేతనం నెలకొల్పారు. పల్నాడు రైతుల అటవీ పోరాటానికి అండగా నిలిచి జైలుకు వెళ్లిన మనిషే ఆడపిల్లల కోసం విడిగా ఒక విద్యాలయం కట్టారు. ఆనాటికి అది వెనకడుగు కాదు. ఇల్లు దాటని పిల్లకు ఇంకో ఇంటిలాంటి బడి చూపిస్తే తప్ప తల్లిదండ్రులు పంపని రోజులవి.

స్వాతంత్ర్యం వచ్చాక సంఘాలు ఒకదాని తర్వాత ఒకటి ఈ ప్రశ్నను తిరగేశాయి. 1952-53 నాటి మొదలియార్ సెకండరీ విద్యా కమిషన్, ఆడపిల్లల బడులు కావాలని అడిగిన చోట విడిగా పెట్టాలంది. కలిసి చదివే బడుల్లో ఆడపిల్లల అవసరాలకు, మహిళా ఉపాధ్యాయులకు తగిన ఏర్పాట్లు నిబంధనగా ఉండాలంది. 1958లో కేంద్రం వేసిన మహిళా విద్యా సంఘానికి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. చిన్నతనంలోనే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపి, 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించిన ఆమెకు ఇది కాగితం మీది ప్రశ్న కాదు. ఆ తర్వాత వచ్చిన హంసా మెహతా కమిటీ, ప్రాథమిక దశలో అందరినీ కలిపే చదివించాలని, హైస్కూలు దశలో కలిపి నడపాలో విడిగా నడపాలో యాజమాన్యాలూ తల్లిదండ్రులూ స్వేచ్ఛగా నిర్ణయించుకోవాలని చెప్పింది.

అరవై ఏళ్ల కిందటి ఆ స్వేచ్ఛ ఇవాళ పల్నాడులో ఎవరికుంది? పట్టణంలో ఉన్నవాళ్లకు ఉంది, డబ్బున్నవాళ్లకు ఉంది. బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల తండాల్లో పిల్లకు దొరికే బడి ఒకటే. అది కలిసి చదివేదే. వెళ్తే అందులో, లేకపోతే మిరప చేలో.

తల్లులు అనేది, తండ్రులు అనేది

హైస్కూల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగితే ముందు వరసల్లో తల్లులు, వెనక గోడవారగా తండ్రులు. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లోనూ, 2025 జులై 10న జరిగిన రెండోదాంట్లోనూ చాలా బడుల్లో ఇదే దృశ్యం. ముగ్గుల పోటీలు, ప్రగతి పత్రాలు అయ్యాక, మైకు కట్టేశాక అసలు మాటలు బయటికొస్తాయి.

"ఏడో తరగతి దాకా ఊళ్లోనే చదివింది సారూ. ఇప్పుడు పెద్దమనిషయింది. ఆటోలో పంపాలంటే భయంగా ఉంది" అంటుంది ఒక తల్లి. "సాయంత్రం స్పెషల్ క్లాసులంటారు. ఆరైతే బస్సు లేకపాయె. చీకట్లో ఎట్టా రావాల?" అంటుంది ఇంకొకామె. "బాత్‌రూమ్‌కి తలుపుందా మేడమ్?" అని టీచరమ్మ చెవిలో అడుగుతుంది మరొకామె. వెనకనుంచి ఒక తండ్రి, "కలిపి కూర్చోబెడితే చదువు కాదు, వేరే పనులైతై" అంటాడు. పక్కనున్న ఇంకో తండ్రి, "మా వాడు ఒక్కడే ఉంటే అల్లరి. ఆడపిల్లలుంటే కాస్త మర్యాదగా ఉంటాడు" అని నవ్వుతాడు.

ఈ మాటల్ని జాగ్రత్తగా వింటే తల్లులు అడిగినవన్నీ ఏర్పాట్లు: బస్సు, వేళ, తలుపు. తండ్రి చెప్పింది భయం. ఆ భయాన్ని కూడా మర్యాదగా కప్పిపెట్టకుండా చూడాలి. అందులో సగం పిల్ల భద్రత గురించి, మిగతా సగం ప్రేమ గురించి, ముఖ్యంగా కులం దాటే ప్రేమ గురించి. ఇంటి పరువు పిల్ల నడకలో ఉందనుకునే చోట, ఆమె ఎవరితో మాట్లాడుతోందన్నది ఊరి విషయమైపోతుంది. కారెంపూడిలో బ్రహ్మనాయుడి చాపకూడు గురించి గర్వంగా చెప్పుకునే సీమ ఇది. నాయకురాలు నాగమ్మ మంత్రిత్వాన్ని తరతరాలుగా కథలుగా చెప్పుకునే సీమ ఇది. ఒకే చాప మీద అన్ని కులాలను కూర్చోబెట్టిన కథ నేర్పిన బడిలోనే పిల్లలు పక్కపక్కన కూర్చుంటే భయపడటం విడ్డూరమే. విడ్డూరమే అయినా ఆ భయం నిజం. కొట్టిపారేస్తే పోదు. పిల్లను బడి మాన్పించి పెళ్లి చేయడం దాని చివరి మెట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతం.

ఒక సంగతి తండ్రులు గమనించడం లేదు. మనం కలిసి చదివే బడి అని పిలుస్తున్న చాలా హైస్కూళ్లలో పిల్లలు నిజంగా కలిసి చదవడమే లేదు. గదిలో ఎడమవైపు అమ్మాయిల బెంచీలు, కుడివైపు అబ్బాయిల బెంచీలు. మధ్యాహ్న భోజనానికి రెండు వరసలు. ప్రార్థనలో రెండు వరసలు. గ్రౌండు అబ్బాయిలది, వరండా అమ్మాయిలది. ప్రయోగశాలలో పరికరం అబ్బాయి చేతిలో, నోట్సు రాసే పని అమ్మాయిది. అయిదేళ్లు ఒకే గదిలో ఉండి, పట్టుమని పది మాటలు మాట్లాడుకోకుండా పదో తరగతి ముగిస్తారు. పక్కన కూర్చోబెట్టినంత మాత్రాన మర్యాద రాదు. పలకరింపు, పనిలో వంతు, ఆటలో చోటు ఇస్తేనే వస్తుంది. కలిసి చదివే బడి ఇవ్వగలిగిన మంచిని మనం ఇంకా వాడుకోలేదు.

పరిశోధనలు తేల్చినవి, తేల్చనివి

కలిపి చదివిస్తే మార్కులు తగ్గుతాయా? ప్రపంచమంతా వెతికిన ప్రశ్న ఇది. 2014లో అమెరికన్ పరిశోధకులు పాల్కీ, హైడ్, ఆలిసన్ 21 దేశాల్లోని 184 అధ్యయనాలను, 16 లక్షల మంది విద్యార్థుల ఫలితాలను కలిపి చూశారు. పద్ధతి గట్టిగా ఉన్న అధ్యయనాల్లో విడి బడుల వల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. మరోవైపు దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో పిల్లలను లాటరీ పద్ధతిన హైస్కూళ్లకు కేటాయిస్తారు. అక్కడ విడి బడుల పిల్లలకు కాలేజీ ప్రవేశ పరీక్షలో కొంత మేలు కనిపించింది. రెండూ కలిపి చూస్తే తేలేది ఇదీ: గోడ కట్టినంత మాత్రాన చదువు రాదు, తీసేసినంత మాత్రాన పోదు.

మన ఊళ్లకు ఇంకా దగ్గరి పరిశోధన ఒకటుంది. కార్తీక్ మురళీధరన్, కేతకీ శేఠ్ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఏళ్ల తరబడి సేకరించిన పరీక్షా ఫలితాలను పరిశీలించారు. మగ ఉపాధ్యాయుడు చెప్పినప్పటికంటే టీచరమ్మ చెప్పినప్పుడు ఆడపిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. మగపిల్లలకు దానివల్ల నష్టమేమీ రాలేదు. వాళ్లు చూసినవి కలిసి చదివే బడులే. గది విడగొట్టకుండానే, బోర్డు ముందు ఎవరున్నారన్నదాన్నిబట్టి ఆడపిల్ల చదువు మెరుగైంది.

రెండో పరిశోధన కూడా మురళీధరన్‌దే, నిశీత్ ప్రకాశ్‌తో కలిసి చేసినది. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. చేరికలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఎక్కువ లాభం హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లకే కలిగింది. బడి మారలేదు, పక్కన కూర్చునే మగపిల్లలు మారలేదు, మారింది దారి ఒక్కటే. మన రాష్ట్రంలోనూ బడికొస్తా పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు.

కేరళ ఇంకో దారి చూపింది. 2022 జులైలో ఆ రాష్ట్ర బాలల హక్కుల కమిషన్, బాలికల బడులు, బాలుర బడులు అన్న తేడా తీసేసి అన్నింటినీ ఉమ్మడి చేయమంది. అప్పటికి అక్కడ 280 బాలికల బడులు, 164 బాలుర బడులున్నాయి. తల్లిదండ్రుల సంఘమూ స్థానిక సంస్థా ఒప్పుకున్న చోటే మారుస్తామని ప్రభుత్వం అంది. ఆ జాగ్రత్త మనం నేర్చుకోదగ్గది. పైనుంచి వచ్చిన ఉత్తర్వుతో బడిని విడగొట్టడం ఎంత పొరపాటో, కలిపేయడమూ అంతే.

ఎనిమిదో తరగతి గట్టు

విద్యాహక్కు చట్టం చెప్పే హక్కు 6 నుంచి 14 ఏళ్ల దాకానే. ఎనిమిదో తరగతి అయ్యాక సీటు హక్కు కాదు, అవకాశం. ఇంటి భయాలు మొదలయ్యే వయసూ అదే. ఆడపిల్ల చేతికి పని వచ్చే వయసూ అదే. పల్నాడులో అక్టోబర్ నుంచి పత్తితీతలు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. కూలి రేటు పెరిగి మనిషి దొరకని ఫిబ్రవరిలో, పదమూడేళ్ల పిల్ల తల్లి పక్కన సాలులో వంగి కాయ కోస్తుంది. తమ్ముడిని చూసుకోవడానికి ఇంకో పిల్ల ఇంటి దగ్గర ఆగిపోతుంది. హాజరుపట్టీలో ఆ రెండు నెలలూ ఆమె పేరు పక్కన ఖాళీలు పడతాయి. మార్చిలో పరీక్ష రాయదు. జూన్‌లో సిగ్గుపడి రాదు. బడి రికార్డులో దాన్ని డ్రాపవుట్ అంటారు. ఇంట్లో అడిగితే "మగపిల్లలున్న బడి కదండీ, మానేసింది" అంటారు. చెప్పుకోవడానికి ఆ కారణం గౌరవంగా ఉంటుంది.

వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. తల్లిదండ్రులు పనికి పోయిన నెలల్లో పిల్ల ఊళ్లోనే ఉండి బడికి వెళ్లేలా చేసే ఏర్పాటు అది. కోతల కాలంలో అవి పల్నాడు పల్లెల్లో ఎన్ని తెరుచుకుంటే అంతమంది ఆడపిల్లలు పరీక్ష రాస్తారు. కేజీబీవీలో 40 సీట్లకు పోటీ పడాల్సిన పనీ కొంత తగ్గుతుంది.

బస్సు విషయంలో ఒక మార్పు వచ్చింది. ఆర్టీసీలో ఆడపిల్లలకు పదో తరగతి దాకా ఉచిత పాసు ముందునుంచే ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మహిళలందరికీ ప్రయాణం ఉచితం. ఇంటర్‌కు వెళ్లే అమ్మాయికి ఇది నేరుగా మేలు. అయితే బస్సే రాని ఊరికి ఉచిత ప్రయాణం ఏం చేస్తుంది? బడి వదిలే వేళకు బస్సు నడవడం టిక్కెట్టు ధర కంటే ముఖ్యం.

విధానాల ఊగిసలాట

తల్లిదండ్రుల నమ్మకాన్ని దెబ్బతీసింది కలిసి చదవడం కాదు, ఏడాదికోసారి బడి స్వరూపం మారడం. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు తరలించింది. సబ్జెక్టు టీచరు దొరుకుతాడన్నది దాని ఉద్దేశం. ఎనిమిదేళ్ల పిల్ల పదిహేనేళ్ల అబ్బాయిలున్న బడికి రోడ్డు దాటి వెళ్లాల్సి వచ్చిందన్నది తల్లులు చూసింది. రాష్ట్రంలో ఎన్నో ఊళ్లలో బడికి తాళాలు వేసి నిరసన తెలిపారు. 2025 మేలో ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుని, తొమ్మిది రకాల బడులతో కొత్త అమరిక తెచ్చింది. అది సరైనదా కాదా అన్నది పక్కన పెడితే, ఆ మూడేళ్లలో చిన్నతరగతి చదివిన పిల్లలు బడి మారడమే చదువుగా గడిపారు.

ఇంకోవైపు 2022-23లో 292 హైస్కూళ్లను హైస్కూల్ ప్లస్ పేరుతో బాలికల ఇంటర్ చదువుకు పెంచారు. ఆలోచన మంచిదే. పదో తరగతి చదివిన చోటే ఇంటర్ చదివితే ఊరు దాటే భయం ఉండదు. లెక్చరర్లు, ప్రయోగశాలలు లేకుండా బోర్డు మాత్రమే మార్చడంతో చాలాచోట్ల తరగతి గదులు నిండలేదు. బాలికల కోసం విడిగా పెట్టినా బడి బడిలా లేకపోతే ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా నమ్మరని దీనివల్ల తేలిపోయింది.

ప్రైవేటు ఇంటర్ చదువు మరో వింత. పదో తరగతి దాకా కలిపి చదివించిన వాళ్లే ఇంటర్‌కు వచ్చేసరికి అమ్మాయిలకు ఒక క్యాంపస్, అబ్బాయిలకు ఒక క్యాంపస్ కడతారు. రెండేళ్ల తర్వాత ఇంజినీరింగ్‌లో అదే పిల్లలు మళ్లీ ఒకే గదిలో కూర్చుంటారు. మధ్యలో ఆ రెండేళ్లు విడదీయడం క్రమశిక్షణ పేరుతో నడిచే ర్యాంకుల వ్యాపారమే తప్ప చదువుకోసం చేసింది కాదు.

మగపిల్లల ఊసు

ఈ చర్చలో ఎవరూ మాట్లాడని వాళ్లు మగపిల్లలు. కలిసి చదివే బడిలో వాళ్లే ప్రమాదమన్నట్టు మాట్లాడతాం కానీ, వాళ్ల చదువేమవుతోందో చూడం. 2025 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో 81.14 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. అమ్మాయిలు 84.09 శాతం, అబ్బాయిలు 78.31 శాతం. కేజీబీవీలో తండా అబ్బాయికి చోటు లేదు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, సిమెంటు లారీలు, మిరప ట్రాక్టర్లు వాడిని తొందరగా పిలుచుకుంటాయి. మరోవైపు ఇంట్లో ప్రైవేటు ఫీజు కట్టేది మాత్రం ముందు కొడుక్కే. ఊళ్లో పొద్దున్నే స్కూలు బస్సెక్కేది తమ్ముడు, జడ్పీ బడికి నడిచి వెళ్లేది అక్క.

2020లో మొదలైన అమ్మఒడి తల్లికి ఒక్క బిడ్డకు మాత్రమే రూ.15,000 ఇచ్చింది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. అందులో రూ.13,000 తల్లి ఖాతాలో, రూ.2,000 బడి నిర్వహణకు. ఇద్దరికీ డబ్బు వస్తున్నప్పుడు ఇద్దరికీ ఒకే బడి అన్న న్యాయం ఇంట్లో మొదలు కావాలి. ఆడపిల్ల గౌరవంగా చదువుకోవాలంటే మగపిల్లాడు మర్యాద నేర్వాలి. మర్యాద ఎవరూ లేని గదిలో అలవడదు.

మరి ఏం చేయాలి

పరిశీలించినవన్నీ కలిపి నా అభిప్రాయం ఇది. పల్నాడులో హైస్కూలు చదువు కలిసి సాగేదిగానే ఉండాలి. ఊరికి దగ్గరగా ఉండే బడి ఒక్కటే అయినప్పుడు దాన్ని రెండుగా చీలిస్తే రెండూ బక్కచిక్కుతాయి. టీచర్లు చాలరు, సబ్జెక్టులు తగ్గుతాయి, ఆడపిల్లకు దూరం పెరుగుతుంది. కేజీబీవీలను, బాలికల గురుకులాలను మూసేయమనడం కాదు. ఇల్లు ఆసరా కాని పిల్లకు, కోతల కాలంలో బడి మానే పిల్లకు, పెళ్లి బెదిరింపు ఉన్న పిల్లకు అవి ప్రాణాధారం. ఆ సీట్లు ఆ పిల్లలకే దక్కాలి. ఊళ్లో మంచి హైస్కూలుండీ భయంతో కేజీబీవీ సీటు వెతికే కుటుంబం, తెలియకుండానే అవసరమైన మరో పిల్ల చోటు తీసుకుంటోంది.

ఇక కలిసి చదివే బడిని నమ్మదగ్గదిగా చేసే బాధ్యత ప్రభుత్వానిదీ తల్లిదండ్రులదీ. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. కొత్తగా వచ్చిన టీచరమ్మల్లో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లను పల్నాడు మారుమూల మండలాలకు వేసి, ఉండటానికి వసతి చూపిస్తే ఆడపిల్లల చదువుకు అంతకు మించిన మేలు లేదు. మనబడి నాడు-నేడు కింద కట్టిన మరుగుదొడ్లకు నీళ్లు, గడియలు, శుభ్రం చేసే ఆయా ఏడాది పొడవునా ఉండాలి. 2021 అక్టోబర్‌లో మొదలైన స్వేచ్ఛ కార్యక్రమంలాగా ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు ప్యాడ్లు నెలనెలా అందాలి. తరగతిలో బెంచీలు కలపడంతో ఆగకుండా ఆటలో, ప్రయోగంలో, పిల్లల సంఘంలో ఇద్దరికీ సమాన వంతు ఇవ్వాలి. తప్పు జరిగితే పిల్ల భయం లేకుండా చెప్పుకునే మనిషి బడిలో ఉండాలి. పోక్సో చట్టం ఏమంటుందో టీచర్లకూ పిల్లలకూ తెలిసుండాలి.

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది మహిళలే. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. అంటే తల్లి మైకు కట్టేశాక టీచరమ్మ చెవిలో అడగాల్సిన పని లేదు. ఆమె అడిగిన మాట కమిటీ తీర్మానంగా రాయించవచ్చు. పల్నాడు తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. వచ్చే సమావేశంలో మగపిల్లలు ఉండాలా వద్దా అన్న చర్చతో కాలం గడపకండి. మన పిల్ల ఊరి బస్సు ఎన్నింటికి వస్తుందో, సైన్సు టీచరమ్మ ఎప్పుడు వస్తుందో, మరుగుదొడ్డికి గడియ ఉందో లేదో అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, నెలకోసారి వెళ్లి చూడండి. ఆ మూడూ సరిపడినప్పుడు పక్క బెంచీలో ఎవరున్నారన్న భయం దానంతటదే పలచబడుతుంది.